పిన్‌బాల్ బల్లకి బెజవాడలో చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లలు ఫోన్లు వదలడం లేదని, ఆటంటే బొటనవేలితో తెర రుద్దడమే అయిపోయిందని మీ ఉత్తరాల శీర్షికలో చదువుతూనే ఉన్నాను. రాసేవాళ్లలో ఎక్కువమంది నా ఈడువాళ్లే. ఆ బాధ మా ఇంట్లోనూ ఉంది, కాదనను. కానీ నేను కళ్లారా చూసిన సంగతి ఒకటి ఆ మాటకి అడ్డం వస్తోంది. ఎదురుగా చేతికి తగిలే ఆట ఉంటే కుర్రాళ్లు ఫోను జేబులో పెట్టేస్తారు. పెట్టేయడం నేను చూశాను.

నాది ఆటోనగర్‌లో వైండింగ్ షాపు. 34 ఏళ్లుగా లారీ సెల్ఫ్‌లు, ఆల్టర్నేటర్లు, బోరు మోటార్లు చుడుతున్నాను. 2024 జూన్‌లో ఒక కుర్రాడు క్యారీబ్యాగులో కాయిల్ పెట్టుకుని షాపుకొచ్చాడు. పిడికిట్లో పట్టేంత ఉంది. నల్లగా మాడిపోయి, కాలిన వార్నిష్ కంపు కొడుతోంది. ‘ఏ బండిదిరా ఇది?’ అన్నాను. ‘బండిది కాదు బాబాయ్, పిన్‌బాల్‌ది’ అన్నాడు. వాలుగా పెట్టిన బల్ల మీద అద్దం కింద ఉక్కు గోళీ దొర్లుతుంటే, మీటలు నొక్కి అది కిందకి జారిపోకుండా కొట్టే ఆట అది. ఊళ్లో ఒక మాల్‌లోని గేమ్స్ సెంటర్‌లో పనిచేస్తాడట. ఎక్కడా చుట్టలేమన్నారట, నాలుగు షాపులు తిరిగి నా దగ్గరికి వచ్చాడు.

విప్పి చూస్తే ఒకే బాబిన్ మీద రెండు చుట్లున్నాయి. లోపల లావు తీగ, పైన వెంట్రుకంత సన్న తీగ. చూడగానే నాకు అర్థమైంది. లారీ సెల్ఫ్ మీదుండే సాలినాయిడ్ కూడా ఇంతే. ఒక చుట్టు లోపలి ఇనుప ముక్కని గట్టిగా లాగుతుంది, ఇంకోటి లాగినదాన్ని అలాగే పట్టి ఉంచుతుంది. పిన్‌బాల్‌లో గోళీని కొట్టే రెక్కని ఫ్లిప్పర్ అంటారు. మీట నొక్కగానే లావు తీగలోంచి కరెంటు దూకి ఆ రెక్కని కొడుతుంది. రెక్క పూర్తిగా లేవగానే కింద ఒక చిన్న స్విచ్ విడిపోవాలి. అది విడిపోతే ఆపైన సన్న తీగలోంచి కొద్దిపాటి కరెంటే పోతుంది, మీట ఎంతసేపు నొక్కి పట్టుకున్నా కాయిల్‌కి ఏమీ కాదు. స్విచ్ విడిపోకపోతే మాత్రం లావు తీగ నిమిషాల్లో మాడిపోతుంది. అంటే జబ్బు కాయిల్‌లో లేదు, స్విచ్‌లో ఉంది. కొత్త కాయిల్ చుట్టిచ్చినా వారం తిరక్కుండా మళ్లీ మాడుతుంది. ఆ మాటే చెప్పి, చుట్లు లెక్కపెట్టి కాయిల్ చుట్టి, రెండోది ఒకటి స్పేర్‌గా చుట్టి, ఆదివారం నేనే వెళ్లాను.

అద్దం తీసి బల్ల పైకెత్తితే సంపాదకులు గారూ, కాసేపు నాకు నోట మాట రాలేదు. 1980ల చివర్లో తయారైన బల్ల అది. కింద వైపంతా కాయిళ్లు, లీవర్లు, రాగి రేకుల స్విచ్‌లు, కట్టలు కట్టిన వైర్లు. నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పనంతా అక్కడ తలకిందులుగా వేలాడుతూ కనిపించింది. స్విచ్ రేకుల మొనలు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆకురాయితో రుద్ది, రేకుని కాస్త వంచి, ఫ్లిప్పర్ పైకి లేచాక మధ్యలో 3 మిల్లీమీటర్ల సందు వచ్చేలా సరిచేశాను. గోళీ ఉక్కుది, 27 మిల్లీమీటర్లు, 80 గ్రాముల బరువు. అరచేతిలో పెట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది. బల్ల వాలు ఆరున్నర డిగ్రీలు ఉండాలట, వెనక కాళ్లకి మరలుంటాయి. వాళ్లు దించినప్పుడు ఎలా పెట్టారో అలాగే వదిలేశారు. మేస్త్రి దగ్గర రసమట్టం తెచ్చి కాళ్లు సరిచేసేసరికి మధ్యాహ్నం అయింది. మొత్తం 110 కిలోల పైమాటే, ఇద్దరం ఆయాసపడ్డాం.

పని అయ్యాక, ఎవరైనా ఆడితే కదా బాగుందో లేదో తెలిసేదని పక్కన కూర్చున్నాను. మొదట వచ్చినవాళ్లు ముగ్గురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు. అద్దం మీద ఫోను పెట్టి వీడియో తీస్తూ ఆడారు. మీటలు రెండూ ఒకేసారి టపటపా కొట్టేశారు. మూడు గోళీలూ రెండు నిమిషాల్లో కిందకి పోయాయి. రెండో ఆటకి వీడియో ఆపేశారు. మూడో ఆటకి ఫోను జేబులోకి పోయింది, ఎందుకంటే రెండు చేతులూ కావాలి, కన్ను గోళీ మీంచి తీయడానికి లేదు. వాళ్లు గంటంబావు అక్కడే ఉన్నారు. ఒకడు ఆడుతుంటే ఇద్దరు ‘ఆపు, ఆపు, ఇప్పుడు కొట్టు’ అని అరుస్తున్నారు.

ఆ వేళ నుంచి ప్రతి ఆదివారం వెళ్లేవాణ్ని. బల్ల తుడవాలి, రబ్బరు రింగులు తెగితే మార్చాలి, బల్బులు చూడాలి. డబ్బులు ఇచ్చేవాళ్లు, కానీ డబ్బుల కోసమే వెళ్లానంటే అబద్ధం.

ఒక డిగ్రీ పిల్ల ఉండేది. సత్యనారాయణపురం నుంచి తమ్ముణ్ని తీసుకుని వచ్చేది. గోళీని ఆపడం ఆ పిల్ల నేర్చుకున్న తీరు నా కళ్లకి కట్టినట్టుంది. వేగంగా దిగొచ్చే గోళీని అందరూ వెంటనే కొట్టాలని చూస్తారు. ఆ పిల్ల ముందే ఫ్లిప్పర్ లేపి పట్టుకుంది. గోళీ వచ్చి దాని మొదట్లో చతికిలబడి, రెండుసార్లు ఊగి ఆగిపోయింది. అప్పుడు ఊపిరి పీల్చుకుని, పైనున్న దారి చూసుకుని, మీట వదిలేసింది. గోళీ ఫ్లిప్పర్ మీద జారుతూ సగం దాటగానే మళ్లీ కొట్టింది, నేరుగా ర్యాంపు ఎక్కింది. ఎవరూ చెప్పలేదు. నాలుగు ఆదివారాలు ఓడిపోయి తనంతట తను పట్టుకుంది. ‘అంకుల్, ఎక్కడ వదిలితే ఎక్కడికి పోతుందో తెలిసింది’ అంది. ఆ మాటకి నాకు మా గురువు గుర్తొచ్చాడు. తీగ బిగువు వేలికి తెలియాలి, నోటితో చెబితే రాదు అనేవాడు.

తోసే సంగతి కూడా చెప్పాలి. గోళీ పక్కదారి పడుతుంటే బల్లని అరచేతులతో కాస్త కదపొచ్చు, అది తప్పు కాదు. కానీ మితిమీరితే ‘టిల్ట్’ అని దీపం వెలిగి ఫ్లిప్పర్లు చచ్చుబడతాయి, ఆ గోళీ పోయినట్టే. లోపల ఉన్నది ఏమిటనుకున్నారు? గోడ నిలువు చూసుకోవడానికి తాపీ మేస్త్రీలు వేలాడదీసే గుండు లాంటిదే. చుట్టూ ఒక రింగు ఉంటుంది, గుండు ఊగి రింగుకి తగిలితే ఆట ఆగిపోతుంది. 1930లలో హ్యారీ విలియమ్స్ అనే ఆయన ఈ టిల్ట్ కనిపెట్టాడు. తొంభై ఏళ్లయినా అదే గుండు. ఆవేశపడి బల్లని గుద్దిన కుర్రాడికి ఆట ఆగిపోతుంది, నెమ్మదిగా కదిపినవాడికి గోళీ దక్కుతుంది. ఫోన్లో ఇది ఎలా వస్తుంది?

ఫోన్లో, కంప్యూటర్లో పిన్‌బాల్ లేదని కాదు. మా అబ్బాయి తరం పిల్లలకి అది బాగా తెలుసు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో గవర్నర్‌పేట నెట్ సెంటర్లలో స్పేస్ కేడెట్ అనే పిన్‌బాల్ ఆడని పిల్లాడు లేడు. జెడ్ నొక్కితే ఎడమ ఫ్లిప్పర్, స్పేస్ బార్ నొక్కి పట్టుకుని వదిలితే గోళీ. ఆ తర్వాత విండోస్ విస్టా వచ్చేసరికి ఆ ఆట తీసేశారు. 64 బిట్ల కంప్యూటర్‌కి మార్చబోతే గోళీ దేనికీ తగలకుండా జారి కిందకి పోయేదట, లోపం ఎక్కడుందో దొరక్క పక్కన పెట్టేశారని విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్ ఇంజినీరే తర్వాత రాశాడు. తగలడమే ఆ ఆటకి ప్రాణం. ఉక్కు గోళీ విషయంలో ఆ బెంగ లేదు.

మా మేనల్లుడు షికాగోలో ఉద్యోగం చేస్తాడు. బల్ల ఫోటో పంపితే ఫోన్ చేసి, ‘మామయ్యా, నేను ప్రతి బుధవారం ఆడేది ఇదే’ అన్నాడు. నాకు తెలియనే తెలియదు. వాడిది పాతికేళ్ల వయసు, వాడితో ఆడేవాళ్లూ ఆ ఈడువాళ్లేనట. కొత్త బల్లలకి క్యూఆర్ కోడ్ చదివే కన్ను కూడా ఉంటుందట. ఫోనులో ఉన్న మన కోడ్ దానికి చూపిస్తే మన స్కోరు మన పేరు మీద నిలుస్తుందట. పిన్‌బాల్ బల్లలు చేసే స్టెర్న్ కంపెనీ 2021లో తెచ్చింది అది. ఫోను అక్కడ ఆట పక్కన చేరి, స్కోరు రాసుకునే గుమాస్తా పని చేస్తోందన్నమాట.

వాడి ద్వారానే మిగతా కథ తెలుసుకున్నాను. షికాగో ఈ ఆటకి పుట్టినిల్లు. 1931లో గాట్లీబ్ అనే ఆయన చేసిన బ్యాఫిల్ బాల్‌కి ఫ్లిప్పర్లు లేవు. స్ప్రింగు లాగి వదలడం, మేకుల మధ్య గోళీ ఎటు పోతే అటు. చిన్నప్పుడు మనం తిరునాళ్లలో కొనుక్కున్న మేకుల బల్ల లాంటిదే. అది పూర్తిగా అదృష్టమే కాబట్టి జూదమయింది. 1942లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా ఈ బల్లల్ని నిషేధించి, సుత్తి పట్టుకుని పగలగొట్టి ఫోటోలు దిగాడు. 1947లో హంప్టీ డంప్టీ అనే బల్లకి మొదటిసారి ఫ్లిప్పర్లు పెట్టారు, ఆరు. దాంతో గోళీ చేతికి లొంగడం మొదలైంది. అయినా న్యూయార్క్ నిషేధం 1976 దాకా పోలేదు. ఆ ఏడాది రోజర్ షార్ప్ అనే యువకుడు నగర కౌన్సిల్ సభ్యుల ముందు బల్ల పెట్టించి, గోళీ మధ్య దారిలోంచి పోతుందని ముందే చెప్పి స్ప్రింగు లాగాడు. చెప్పినట్టే పోయింది. నేర్పుతో ఆడే ఆటేనని ఒప్పుకుని నిషేధం ఎత్తేశారు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన ఊళ్లో గేమ్స్ సెంటర్ అనగానే పెద్దవాళ్లకి పేకాట గుర్తొస్తుంది. అందులో న్యాయం ఉంది. ఆన్‌లైన్ రమ్మీతో ఇళ్లు గుల్లయితేనే కదా 2020లో మన రాష్ట్రంలో దాన్ని నిషేధించింది! మా వీధిలోనే ఒక కుర్రాడు బండి అమ్ముకున్నాడు. కానీ పిన్‌బాల్‌లో గెలిస్తే వచ్చేది ఇంకో గోళీ, మహా అయితే ఇంకో ఆట. డబ్బు రాదు. రెంటినీ ఒకే గాటన కట్టొద్దని పెద్దలకి నా మనవి.

అమెరికాలో ఈ ఆట ఒకసారి చచ్చి బతికింది. 1992లో వచ్చిన ఒకే ఒక్క రకం బల్ల 20,270 అమ్ముడైంది. అదే ఊపు ఉంటుందనుకుంటే, 1999లో విలియమ్స్ లాంటి పెద్ద కంపెనీ పిన్‌బాల్ తయారీ మానేసింది. వీడియో గేములు ఇంటింటికీ వచ్చేశాయి. పేరున్నవాటిలో స్టెర్న్ ఒక్కటే మిగిలింది. 2011లో ఇంకో కంపెనీ మొదలైంది, తర్వాత మరికొన్ని. ఈ ఆటని మళ్లీ నిలబెట్టడంలో ఫోన్లు పట్టుకుని పుట్టిన పిల్లల చెయ్యి కూడా ఉందని మా మేనల్లుడి మాట. నేను ఇక్కడ మాల్‌లో చూసింది అదే కాబట్టి నమ్ముతున్నాను.

ఇప్పుడు అసలు బాధ. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద వచ్చింది కదా. ఆదివారాలు వచ్చే కుర్రాళ్లలో సింగ్‌నగర్ వాడొకడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాళ్ల ఇల్లు నీళ్లలో ఉంది. నెల రోజులు కనబడలేదు. దసరా ముందు వచ్చాడు, మనిషి చిక్కిపోయాడు. రెండు ఆటలు ఆడి నా పక్కన కూర్చుని, నా బిల్లు బుక్కు అడిగి వెనకవైపు బొమ్మ గీశాడు. ప్రకాశం బ్యారేజీ! బల్ల పైభాగాన అడ్డంగా ఏడు పలకలు, గోళీ తగిలితే పడిపోయేవి. ఏడూ పదిసార్లు పడగొడితే 70 గేట్లూ ఎత్తినట్టు. అప్పుడు మూడు గోళీలు ఒక్కసారి వదలాలి, వరద. ఎడమ పక్క పడమటి కాలువ, కుడి పక్క తూర్పు కాలువ. గోళీ కాలువలోకి మళ్లితే ఫ్లిప్పర్ మీదకి తిరిగొస్తుంది, పొలానికి నీళ్లందినట్టే. రెండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి జారిపోతే సముద్రం పాలు. ఇల్లు మునిగిన పిల్లాడు ఆ నీళ్లని ఇలా ఆటగా గీసి చూపిస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఆ కాగితం చింపకుండా బుక్కులోనే ఉంచాను.

సంక్రాంతి ముందు ఆదివారం వెళ్లేసరికి బల్ల లేదు. ఆ చోట నాణెం వేస్తే బొమ్మలు పట్టుకునే ఇనుప చెయ్యి మిషను పెట్టారు. అడిగితే, దీనికి మనిషి కావాలి, తుడవాలి, సామాను దొరకదు, అది పెడితే ఏ గోలా లేదు అన్నారు. పిన్‌బాల్ పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశారట. ఒక్క ఫోను చేసి ఉంటే నేను ఆటో కట్టించుకుని షాపుకి తెచ్చుకునేవాణ్ని. పాత ఇనుము కొట్లన్నీ మూడు రోజులు తిరిగాను. స్కోరు చూపించే తలకాయ పెట్టె ఒకటి, అద్దం పగిలింది, దొరికింది. మిగతాది అప్పటికే ముక్కలు.

డిగ్రీ పిల్ల ఆ తర్వాత వారం తమ్ముడితో వచ్చిందని, ఖాళీ చోటు చూసి చాలాసేపు నిలబడి వెళ్లిపోయిందని కాయిల్ తెచ్చిన కుర్రాడు చెప్పాడు.

కుర్రాళ్లకి ఆసక్తి లేదు అనే మాట ఇక నేను ఒప్పుకోను. ఆసక్తి ఉంది. ఆ బల్లని బాగు చేసి నిలబెట్టుకోవాలన్న ఓపిక పెద్దవాళ్లం మాకు లేకపోయింది. కొత్త బల్ల కొనాలంటే అమెరికాలోనే వేల డాలర్లవుతుంది, ఓడ ఖర్చులు, సుంకాలు వేరే. మామూలు వాళ్లకి అయ్యే పని కాదు. కానీ చేసుకోవచ్చు. ఇది ఊరికే అనడం లేదు, అడుగున ఏముందో చూసినవాణ్ని కాబట్టి అంటున్నాను. కాయిళ్లు నేను చుడతాను. స్ప్రింగులు మా పక్క వీధిలో చుడతారు. లారీ క్యాబిన్లు కట్టేవాళ్లకి ఆ పెట్టె కట్టడం ఒక పూట పని. లేత్ మీద ఫ్లిప్పర్ ఇరుసు, కడ్డీలు తీసిచ్చే పనివాళ్లు మా ఆటోనగర్‌లో ఎంతమంది కావాలంటే అంతమంది ఉన్నారు. ఉక్కు గోళీకి వెతుక్కోవాల్సిన పనే లేదు, బేరింగు కొట్లో దొరుకుతుంది. పై పలకకి గట్టి ప్లైవుడ్ కావాలి. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి కర్ర అయితే గోళీ దెబ్బకి సొట్టలు పడుతుంది. కానీ ర్యాంపు పక్కన కొండపల్లి అంబారీ ఏనుగుని నిలబెడితే ఎంత బాగుంటుంది! స్కోరు లెక్కపెట్టే సర్క్యూటు, ప్రోగ్రాము మాత్రం నాకు రావు. అవి పాలిటెక్నిక్ పిల్లలకి, ఇంజినీరింగ్ పిల్లలకి వచ్చు. ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టు అని కొట్లో కొనుక్కొచ్చి అట్ట కట్టి పెడుతున్నారే, దాని బదులు ఈ బల్ల చేయించమని కాలేజీల అధ్యాపకుల్ని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

చేశాక పెట్టడానికి చోటు కావాలి. కార్పొరేషన్ వారు రాఘవయ్య పార్కులోనో, రాజీవ్ గాంధీ పార్కులోనో వాన తగలని ఒక గది, ఒక ప్లగ్ పాయింటు ఇస్తే చాలు. ఆటకి 10 రూపాయలు పెట్టినా రబ్బర్లు, బల్బుల ఖర్చు వచ్చేస్తుంది. ఆదివారం ఆదివారం వచ్చి తుడిచి, స్విచ్‌లు చూసే పని నాది. దానికి ఎవరూ రూపాయి ఇవ్వక్కర్లేదు.

సింగ్‌నగర్ కుర్రాడు గీసిన బొమ్మ నా దగ్గర ఉంది. స్పేర్‌గా చుట్టిన రెండో కాయిల్ కూడా షాపులో అలమరా మీద అలాగే ఉంది, ఒక్కసారి కూడా కరెంటు ఎక్కలేదు. ఎవరైనా ముందుకొస్తే ఆ రెండూ ఇస్తాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిదింటి నుంచి షాపు తెరిచే ఉంటుంది. మీ కార్యాలయానికి ఎవరైనా ఉత్తరం రాస్తే దయచేసి నాకు చేరవేయండి.

ఇట్లు,
ఒక వైండింగ్ మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ.